చప్పుడు లేని తాళం

మొదటి రోజు మాస్టారు నా చేతికి కర్ర ఇవ్వలేదు. గది మధ్యలో నిలబెట్టి "నాలుగు లెక్కపెట్టు" అన్నారు. నా చెయ్యి దానంతట అదే తొడ మీదికి వెళ్ళింది. దెబ్బ, చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలు. ఏడో ఏటి నుంచి ఉన్న అలవాటు. ఆయన కాసేపు చూసి, "లెక్క బాగుంది. కానీ దెబ్బ పడ్డాక కదా నాకు తెలిసింది? పడకముందే తెలియాలి. ఎక్కడ పడబోతోందో, ఎంత బరువుగా పడబోతోందో ఎదురుగా కూర్చున్నవాళ్ళకి ముందే కనబడాలి. చప్పుడు మాత్రం ఉండకూడదు" అన్నారు.

ఆ మాట చెవికి వెంటనే ఎక్కింది. చేతికి ఎక్కడానికి రెండేళ్ళు పట్టింది. పాశ్చాత్య వాద్యబృందాన్ని చేతులతో నడిపించే కండక్టరు విద్య నేర్చుకున్న ఆ రెండేళ్ళ సంగతే ఇది.

మాది నెల్లూరు. నాన్న 1974లో వయొలిన్ పెట్టె, ఒక ట్రంకుపెట్టె పట్టుకుని మద్రాసు రైలెక్కారు. అప్పట్లో తెలుగు సినిమా పాటల రికార్డింగు చాలావరకు ఈ ఊళ్ళోనే. వడపళని, సాలిగ్రామం, కోడంబాక్కం చుట్టుపక్కల థియేటర్లు. పాట మొత్తం ఒక్క టేకులో పడాలి. నలభై మందిలో ఒక్కరి కమాను జారినా కథ మొదటికొచ్చేది. ఆ నలభై మంది కళ్ళూ చెక్కబల్ల మీద నిలబడ్డ ఒక్క మనిషి చేతుల మీద ఉండేవి. నాన్న ఇంటికొచ్చి ఆ రోజు కండక్టరు గురించి ఒక్కటే చెప్పేవారట: భుజం నొప్పి ఉందా, లేదా అని. మంచి చెయ్యి కింద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాయించినా భుజం పట్టేసేది కాదట. చెయ్యి తడబడే మనిషి కింద రెండు గంటలకే బిగుసుకుపోయేదట. ఇవన్నీ అమ్మ చెబితే విన్నవే. నేను ఊహ తెలిసి చూసేసరికి ఆ రోజులు సన్నగిల్లాయి. ఒక్కో వాద్యాన్ని విడిగా రికార్డు చేసే పద్ధతి వచ్చింది, కీబోర్డులో తీగవాద్యాల ధ్వని వచ్చింది, తెలుగు సినిమా హైదరాబాదుకు తరలింది. ఇప్పుడు పెద్ద సినిమాకి నిజమైన స్ట్రింగ్స్ కావాలనుకుంటే బుడాపెస్ట్‌లోనో మాసిడోనియాలోనో వాయిస్తుంటే ఇక్కడ కూర్చుని ఇంటర్నెట్‌లో వింటూ సరిచేస్తున్నారు. నాన్నకీ ఆయన స్నేహితులకీ ఫోన్లు రావడం ఆగిపోయింది. సాధన మాత్రం ఆగలేదు. రోజూ పొద్దున అయిదున్నరకి మా ఇంట్లో స్కేల్స్ వినబడతాయి, ఇవాళ్టికీ.

నేను కర్ణాటక సంగీతం మైలాపూరులో నేర్చుకున్నాను. దాంతోపాటు నాన్న పట్టుబట్టి పాశ్చాత్య పద్ధతిలో గ్రేడు పరీక్షలూ రాయించారు. మౌంట్ రోడ్డులో 1842 నుంచి ఉన్న మ్యూసీ మ్యూజికల్‌కి ఆయన స్కూటరు వెనక కూర్చుని ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. పదిహేనో ఏటి నుంచి కచేరీలకు పక్కవాద్యం, ఇరవై నాలుగో ఏటి నుంచి ఒక బడిలో వయొలిన్ పాఠాలు. బతుకు అలా గడిచిపోతుండగా 2022లో బడి వార్షికోత్సవానికి ఇరవై మంది పిల్లలతో ఒక చిన్న బృందం తయారుచేశాను. నేనూ వయొలిన్ పట్టుకుని వాళ్ళ ముందు నిలబడి, వాయిస్తూ నడిపించాను. బాగానే జరిగిందనుకున్నాను. చూడ్డానికి వచ్చిన ఒక పెద్దాయన కార్యక్రమం అయ్యాక దగ్గరికొచ్చి, "పిల్లలు నీ వయొలిన్ వెనకాల పరిగెత్తుతున్నారు. నువ్వు ఆగితే వాళ్ళకి దారి తెలియదు. దాన్ని కింద పెట్టి చూడు" అన్నారు. ఆయనే మాస్టారు. తమిళులు. విదేశంలో చదువుకుని వచ్చి, ఈ ఊళ్ళో ఎన్నో ఏళ్ళు గాయకబృందాలు నడిపినవారు. కీల్పాక్కంలో ఆయన ఇంటికి వారానికి రెండు సాయంత్రాలు వెళ్ళడం మొదలుపెట్టాను.

మొదటి రెండు నెలలు బల్ల మీద వేలితో కొట్టడమే. వేలి కొన బల్లను తాకిన క్షణమే బీటు. తాకగానే బంతిలా పైకి లేవాలి. మన తాళంలో దెబ్బ పడి ఆగుతుంది; ఇక్కడ ఆగితే చచ్చినట్టే. లేచే తీరులోనే తర్వాతి బీటు ఎప్పుడో ఉంటుంది. నాలుగు బీట్ల బారుకి (బారంటే మన ఆవర్తనం లాంటిది) కింద, ఎడమ, కుడి, పైన. మూడింటికి కింద, కుడి, పైన. చిన్నపిల్లలకైనా పది నిమిషాల్లో వచ్చేస్తుంది ఆ బొమ్మ. ఆ బొమ్మ గీస్తూ మెల్లగా అనడం, గట్టిగా అనడం, తీగలా సాగదీయడం, ముక్కలుగా తుంచడం, ఇవన్నీ మణికట్టులో చూపించడానికే నెలలు పడుతుంది. తర్వాత రెండు చేతుల్నీ విడదీయడం. మొదట్లో నా ఎడమ చెయ్యి కుడిచేతిని అద్దంలో బొమ్మలా అనుకరించేది. కుడిచెయ్యి కాలం చూపిస్తుంటే ఎడమచెయ్యి ఒకరిని పిలవాలి, ఒకరిని తగ్గించాలి, ఒకరిని ఆపాలి. ఇక్కడ మన లయ నన్ను కాపాడింది. కుడిచేత్తో తకధిమి, ఎడమచేత్తో తకిట వేస్తూ ఇల్లంతా తిరిగేదాన్ని. బస్టాపులో కూడా. అమ్మ రోడ్డు మీద అలా చెయ్యొద్దని బతిమాలేది.

కర్ర చేతికిచ్చిన రోజు మాస్టారు లుల్లీ సంగతి చెప్పారు. ఫ్రెంచి రాజాస్థానంలో జాఁ బాప్టిస్ట్ లుల్లీ పొడుగాటి దండంతో నేల మీద కొడుతూ కాలం చూపించేవాడు. ఒకసారి ఆ దండం కాలి మీద పడి, గాయం కుళ్ళి, 1687లో పోయాడు. అంటే ఒకప్పుడు వాళ్ళదీ చప్పుడు తాళమే! తర్వాత తర్వాత నేల మీది దండం గాలిలోని పుల్లగా మారింది. 1835 నుంచి లైప్‌జిగ్‌లో మెండెల్సన్ అలాంటి పుల్లతోనే గెవాండ్‌హౌస్ ఆర్కెస్ట్రాని నడిపాడు. ఈ కథ విన్నాక నాకు గొప్ప ఊరట కలిగింది. చప్పుడు మానుకోవడానికి వాళ్ళకే అన్నేళ్ళు పట్టింది కదా అనిపించింది.

స్కోరు, అంటే అన్ని వాద్యాల వరసలూ ఒకదాని కింద ఒకటి రాసిన కాగితం, చదవడం ఇంకో ప్రపంచం. మన స్వరలిపి ఎడమ నుంచి కుడికి ఒకే వరసలో పోతుంది. స్కోరుని నిలువుగా చదవాలి. తీగవాద్యాలకే అయిదు వరసలు, సింఫనీ అయితే పదిహేను, ఇరవై. ఒక్కో క్షణానికి పైనుంచి కిందికి ఏముందో ఒకేసారి చెవిలో మోగాలి. పైగా అందరూ చదివే అక్షరం ఒకటి కాదు. బి ఫ్లాట్ క్లారినెట్‌కి కాగితం మీద సి రాస్తే మనకి వినబడేది బి ఫ్లాట్. ఎఫ్ హార్న్‌కి అదే సి రాస్తే వినబడేది కింది ఎఫ్. దీనికి చాలామంది బెదిరిపోతారట. నేను బెదరలేదు. ఒకటో శ్రుతిలో పాడే మగవాళ్ళకీ అయిదున్నర శ్రుతిలో పాడే ఆడవాళ్ళకీ ఒకే వారంలో పక్కవాద్యం వాయించినదాన్ని. 'స' కదులుతుందని నా వేళ్ళకి ముందే తెలుసు. నన్ను ఏడిపించింది హార్మొనీ, ఒకేసారి మోగే వేరువేరు స్వరాల పొందిక. మాస్టారు బాఖ్ కోరల్స్ (నాలుగు గొంతులకి రాసిన చర్చి పాటలు) తెరిచి, మూడు వరసలు పియానో మీద వాయిస్తూ నాలుగోది పాడమనేవారు. వరస మార్చి మళ్ళీ. ఆర్నెల్లపాటు ఆయన ఇంటి నుంచి తలనొప్పితోనే వచ్చాను.

ఒక వర్క్‌షాపులో రెండు పియానోల ముందు నిలబెట్టి బీతొవెన్ అయిదో సింఫనీ మొదటి అయిదు బార్లు నడపమన్నారు. ఆర్కెస్ట్రా దొరకని చోట విద్యార్థులకి రెండు పియానోలే ఆర్కెస్ట్రా. ఆ అయిదు బార్లు ఈ లోకంలో అందరికీ తెలుసు. ఎక్కువమందికి తెలియనిదేమిటంటే అది నిశ్శబ్దంతో మొదలవుతుంది. బారులో మొదట ఒక చిన్న విరామం, ఆ తర్వాతే ఆ మూడు పొట్టి స్వరాలు. మన భాషలో అనాగత గ్రహం. తాళం ముందు మొదలై పాట తర్వాత ఎత్తుకోవడం. నాకు ఎంత సుపరిచితమో! కచేరీలో అనాగతంలో ఎత్తుకునే కృతులు ఎన్ని వాయించలేదు? ధైర్యంగా చెయ్యి దించాను. ఇద్దరు పియానిస్టులూ రెండు వేరువేరు చోట్ల పడ్డారు. మళ్ళీ దించాను. మళ్ళీ అంతే. కచేరీలో ఆ ఖాళీని మోసేది అందరి చేతుల్లోనూ నడుస్తున్న తాళం. ఇక్కడ ముందు నడిచిన తాళమే లేదు. నా ఒక్క కదలికలోంచే వాళ్ళకి వేగం తెలియాలి, బరువు తెలియాలి, ఆ ఖాళీ ఎంత పొడుగో తెలియాలి. ఆ సాయంత్రం నాన్నతో చెబితే, "ఖాళీని చూపించడమే కష్టమమ్మా, వాయించేదాన్ని చూపించడం ఎంతసేపు?" అన్నారు.

ఇంకో సంగతి ఆలస్యంగా బోధపడింది. వయొలిన్ ఇంట్లో కూర్చుని సాధన చేసుకోవచ్చు. కండక్టరుకి వాద్యం మనుషులు. వాళ్ళు లేకుండా ఎన్ని గంటలు అద్దం ముందు నిలబడినా ఈత పుస్తకంలో ఈత నేర్చుకున్నట్టే. బొంబాయిలో పుట్టిన కండక్టరు జుబిన్ మెహతాకి ఇంట్లోనే ఆర్కెస్ట్రా ఉంది. తండ్రి మెహ్లీ మెహతా 1935లో బాంబే సింఫనీ స్థాపించాడు; కొడుకు ఆ రిహార్సల్స్ మధ్య పెరిగి 1954లో వియన్నా వెళ్ళాడు, అక్కడ డబుల్ బాస్ కూడా వాయించాడు. అమెరికన్ కండక్టరు మరిన్ ఆల్సప్‌కి అలాంటిదేం లేకపోతే 1984లో న్యూయార్క్‌లో తనే సొంతంగా ఒక ఆర్కెస్ట్రా పోగుచేసుకుంది. 2007లో ఆమె బాల్టిమోర్ సింఫనీకి సంగీత దర్శకురాలైంది. అమెరికాలో అంత పెద్ద ఆర్కెస్ట్రా ఒక మహిళ చేతికి రావడం అదే మొదలు. మన దేశంలో పూర్తికాలం జీతాలిచ్చి నడిపే సింఫనీ ఆర్కెస్ట్రా అంటే 2006లో ముంబయిలో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఒక్కటే. చెన్నైలో ఉన్నదల్లా గాయకబృందాలు, బడులు, చర్చిలు. మద్రాసు మ్యూజికల్ అసోసియేషన్ 1893 నుంచి ఉంది, క్రిస్మస్ రోజుల్లో ఊరంతా పాటే. కానీ తీగవాద్యాలతో నెలనెలా కూర్చునే చోటు నాకు దొరకలేదు. పోగుచేసుకోవాల్సిందే.

నాన్న పాత డైరీ తీసి ఫోన్లు చేశారు. వాళ్ళలో కొందరు లేరు. ఉన్నవాళ్ళలో ముగ్గురు వస్తామన్నారు, నాన్నతో కలిపి నలుగురు. నా శిష్యులు, తోటి టీచర్లు కలిసి ఆరుగురు. ఓఎంఆర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ చెలో వాయించే ఒక అబ్బాయి, అతని స్నేహితురాలు. చర్చి బృందంలో బాస్ వాయించే ఆయన ఒకరు. వయొలిన్ కంటే కాస్త పెద్దదైన వయోలా కోసం ఊరంతా గాలించాను. ఒక్కరు దొరికారు. చివరికి వయొలిన్ వాళ్ళలోంచే ఇద్దరు వయోలాలు అద్దెకు తెచ్చుకుని నేర్చుకున్నారు. నాలుగు మొదటి వయొలిన్లు, నాలుగు రెండో వయొలిన్లు, మూడు వయోలాలు, రెండు చెలోలు, ఒక బాస్. పద్నాలుగు మంది. పదహారేళ్ళ పిల్ల నుంచి డెబ్బై ఒక్కేళ్ళ పెద్దాయన వరకు. నాన్న రెండో వయొలిన్లలో కూర్చున్నారు. సాలిగ్రామంలో ఒక మేడ మీద హాలు, ఆదివారం మధ్యాహ్నాలు. ఏసీ లేదు. ఫ్యాన్లు వేస్తే కాగితాలు ఎగిరిపోతాయి, ఆపితే చెమటకి వేళ్ళు జారతాయి. అమ్మ డజను బట్టల క్లిప్పులు పంపింది. వాటితోనే రెండు వేసవులు గడిపాం.

మొదటి పాఠంగా మొజార్ట్ కె. 525 పెట్టాను. 1787 ఆగస్టులో వియన్నాలో రాసిన తీగవాద్యాల సెరినేడ్. అందరూ విన్నదే. అందరూ వాయించినదే. తేలిక అనుకుంటారు, కాదు. దాచుకోవడానికి చోటే లేని సంగీతం అది. మొదటి స్వరం అందరిదీ ఒకటే, ఒక్కసారే పడాలి. పడకపోతే వీధి చివరి వరకూ తెలుస్తుంది.

పడలేదు. చెయ్యి దించాను, గ్రావెల్ లారీ దింపినట్టు పద్నాలుగు చప్పుళ్ళు. మూడోసారికి ఎలాగో కలిసి మొదలైంది. అప్పుడు రెండో కష్టం. సాగిన కొద్దీ పాట కుంగిపోవడం. ఫోనులో రికార్డు చేసుకుని రాత్రి మెట్రోనోమ్ పెట్టి చూశాను. నిమిషానికి 132 బీట్ల దగ్గర మొదలుపెట్టాం. 55 బార్లు దాటి రిపీట్ గుర్తు (మళ్ళీ వెనక్కి వెళ్ళి వాయించమనే గుర్తు) దగ్గరికి వచ్చేసరికి 112. వారం తర్వాత కూడా అంతే. నెల తర్వాత కూడా అంతే. నేను ఇంకా పెద్దగా, ఇంకా గట్టిగా చెయ్యి ఊపాను. భుజం నొప్పి నాకు మొదలైంది. వాళ్ళకీ మొదలైందని తర్వాత తెలిసింది.

ఒక రాత్రి భోజనాల దగ్గర ఉండబట్టలేక అనేశాను: "వాళ్ళు లాగుతున్నారు నాన్నా."

నాన్న మజ్జిగ కలుపుకుంటూ, "వాళ్ళు లాగట్లేదమ్మా. నువ్వు వింటున్నావు" అన్నారు.

"వినకూడదా?"

"విను. విన్నాక కొట్టకు. చూడు, నీ చెయ్యి కింద పడ్డప్పుడు నా కమాను తీగ మీద కదలడం మొదలవుతుంది. ఆ నాదం నీ చెవి దాకా వచ్చేసరికి వెంట్రుకవాసి ఆలస్యం. నువ్వు ఆ నాదం కోసం ఆగి తర్వాతి బీటు వేస్తున్నావు. నేను ఆ బీటు కోసం ఆగుతాను. నా కోసం నువ్వు, నీ కోసం నేను ఆగుతూ పోతే పాట కూర్చోక ఏం చేస్తుంది?" కాసేపాగి ఇంకో మాట అన్నారు. "ఇంకోటి కూడా చెబుతాను, బాధపడకు. వాళ్ళు నిన్ను చూడట్లేదు. లీడర్ కమాను, అదే, మొదటి వయొలిన్లలో ముందు కూర్చున్నవాళ్ళ కమాను చూస్తున్నారు. నేనూ అంతే."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బాధ వల్ల మాత్రం కాదు. నాన్న చెప్పింది నా ఇరవై ఏళ్ళ చదువు గురించి. పక్కవాద్యం అంటే ఏమిటి? గాయకుల గొంతు ఎటు తిరిగితే అటు, గోరంత ఆలస్యంగా, నీడలా నడవడం. ఆలాపనలో వాళ్ళు ఒక సంగతి వేశాక దాన్ని అందుకోవడం. వాళ్ళ ఊపిరి చూసి, పెదవి చూసి, వెనక పోవడం. నన్ను మెచ్చుకున్నవాళ్ళందరూ "అమ్మాయి నీడలా వాయిస్తుంది" అనే మెచ్చుకున్నారు. ఆ విద్యకి నేను ఇప్పటికీ చేతులెత్తి మొక్కుతాను. కానీ పోడియం మీద నిలబడి కూడా నేను నీడగానే ఉన్నాను. నీడ ముందు నడవదు కదా.

మర్నాడు మాస్టారికి చెబితే ఆయన పెన్సిలు పక్కన పెట్టేసి, "మీ నాన్నగారికి నేను జీతమిచ్చి పెట్టుకోవాలి" అన్నారు. అప్పటి నుంచి పాఠం మారిపోయింది. నిశ్శబ్దంలో నడిపించమనేవారు. గదిలో ఎవరూ లేరు, ఏ వాద్యమూ లేదు. 137 బార్లు, మొదటి భాగం మొత్తం, లోపల పాడుకుంటూ చెయ్యి ఆడించాలి. నా నోరు మాత్రం చెయ్యి ఉన్న బారుని కాకుండా తర్వాతి బారులోని చెలో వరసని పైకి పాడాలి. మొదట వారం పిచ్చెక్కిపోయింది. మూడో వారానికి చిత్రమైన మార్పు వచ్చింది. పాట నా ముందు రోడ్డులా కనబడటం మొదలైంది. వినబడుతున్న చోట నేను లేను. ఒక అడుగు అవతల ఉన్నాను. చెవి మాత్రం వెనకే ఉండి, ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అని పట్టుకుంటోంది. రెండూ ఒకేసారి చెయ్యొచ్చని అప్పటిదాకా నాకు తెలియదు.

ఒక ఆదివారం మాస్టారే మేడ ఎక్కి వచ్చారు. నా చేతిలో కర్ర తీసేసుకున్నారు. చేతులు వెనక్కి కట్టుకోమన్నారు. "ఊపిరితో ఎత్తుగడ ఇవ్వు" అన్నారు. అందరూ నా మొహం వైపు చూశారు, చూడ్డానికి ఇంకేం లేదు కాబట్టి. ముక్కుతో గాలి పీల్చాను, మొదటి బారుకి ఎంత కావాలో అంత చురుగ్గా. పద్నాలుగు కమానులూ నాతోపాటు పైకి లేచాయి. ఒక్క స్వరం. చెక్కలోంచి పుట్టినట్టు. డెబ్బై ఒక్కేళ్ళ పెద్దాయన వాయించడం ఆపి "ఆహా" అన్నారు, పైకే. ఈ ఊపిరి నాకు కొత్తదేం కాదు. ఇరవై ఏళ్ళు గాయకుల దగ్గర చూసి పట్టుకున్నదే. ఇన్నాళ్ళూ తీసుకోవడమే తెలుసు, అది ఇవ్వాల్సిన వంతు నాది అయ్యింది.

కార్యక్రమం 2024 ఆగస్టులో, ఎగ్మూరులో ఒక చిన్న హాల్లో. డిసెంబరు కచేరీల సీజన్లో పెడితే మమ్మల్ని ఎవరు చూస్తారు? హాలు వాళ్ళలో ఒకాయన నా చేతికి తాళంచెవులిస్తూ "కండక్టరు సార్ ఎప్పుడొస్తారు?" అని అడిగారు. నేనేనని చెప్పాను. నమ్మి వెళ్ళిపోయారు. ఆ ప్రశ్న మాత్రం రోజంతా గుచ్చుకుంటూనే ఉంది.

మొదట 'శక్తి సహిత గణపతిం' పెట్టాను, తీగవాద్యాలకి నేనే నాలుగు వరసలుగా రాసుకుని. ఈస్టిండియా కంపెనీ బ్యాండ్లు వాయించే బాణీలు విని ముత్తుస్వామి దీక్షితులు రాసిన నొట్టుస్వరాల్లో అదొకటి. ఆయన తమ్ముడు బాలుస్వామి ఈ మద్రాసులోనే వయొలిన్ నేర్చి మన సంగీతంలోకి తెచ్చాడు. త్యాగరాజస్వామి కంటే మూడేళ్ళు చిన్నవాడు బీతొవెన్. ఇద్దరూ ఒకే కాలంలో రెండు భూఖండాల్లో రాసుకుంటూ కూర్చున్నారు. ఈ రెండు సంగీతాలూ ఈ ఊళ్ళో రెండు వందల ఏళ్ళ కిందటే పలకరించుకున్నాయి. నేను చేస్తున్నది వింత పని కాదని మా బంధువులకి ఆ పాటతో చెప్పాలనిపించింది. ముందు వరసలో కూర్చున్న మా పిన్ని తాళం వేసింది. చప్పుడుతోనే. నాకు చాలా సంతోషమైంది.

మొజార్ట్ మొదటి భాగం 130 దగ్గర మొదలై 128 దగ్గర ముగిసింది. రెండో భాగం రోమాన్జ్ మెల్లగా, కాస్త ఎక్కువ మెల్లగానే నడిచింది. మూడో భాగం మెన్యుయెట్ దగ్గర గండం. మెన్యుయెట్, తర్వాత ట్రియో అనే మధ్యముక్క, మళ్ళీ మెన్యుయెట్. రెండోసారి వచ్చినప్పుడు రిపీట్లు తీసుకోకపోవడం ఆనవాయితీ. రిహార్సల్స్‌లో ట్రియో అయ్యాక సమయం చాలక ఎప్పుడూ అక్కడితో ఆపేవాళ్ళం. రెండోసారి రిపీట్లు లేవన్న మాట నేను పైకి చెప్పలేదు. తప్పు పూర్తిగా నాదే. సగం మంది రిపీట్‌కి వెనక్కి వెళ్ళారు, సగం మంది ముందుకి పోయారు. రెండు బార్లు నా చెవిలో నరకం. ఆపేయాలా? కుడిచెయ్యి ఆపలేదు. ఎడమచెయ్యి తెరిచి పైకెత్తాను, రాబోయే వాక్యం మొదటి బీటుకి ఊపిరి పీల్చి, మొహం లీడర్ వైపు కాకుండా అందరి మీదికీ తిప్పి, దించాను. పద్నాలుగు మందీ ఆ బీటు మీద దిగారు. వెనక్కి వెళ్ళినవాళ్ళూ, ముందుకి పోయినవాళ్ళూ, నాన్న కూడా. ఎవరూ కాగితం వైపు చూడట్లేదు, లీడర్ కమాను వైపు చూడట్లేదు. ఆ క్షణంలో వాళ్ళ కళ్ళు నాకు ఇప్పటికీ కనబడతాయి. చప్పట్లూ శాలువలూ తర్వాత ఉన్నాయి, వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు.

ఆటోలో ఇంటికొస్తూ నాన్నని అడిగాను, భుజం ఎలా ఉందని. భుజం తిప్పి చూసుకుని "ఏం లేదు" అన్నారు. కాసేపటికి నిద్రపోయారు.

ఇప్పుడు ఎల్గర్ తీగవాద్యాల సెరినేడ్ మీద కూర్చున్నాం. 1892 నాటిది, 'ఈ' (E) మైనర్ స్కేలులో. ఆరు-ఎనిమిది కాలం, రెండు బీట్లలో తిశ్రనడకలా ఊగుతుంది. చిక్కేమిటంటే అది వయోలాలతో మొదలవుతుంది. వాళ్ళే ముందు నడవాలి, మిగతావాళ్ళు తర్వాత వస్తారు. మాకున్న ముగ్గురిలో ఒకమ్మాయి పెళ్ళయి కోయంబత్తూరు వెళ్ళిపోయింది. అందుకని ఈ మధ్య పొద్దున్నే అయిదున్నరకి మా ఇంట్లో వేరే నాదం వినబడుతోంది, కాస్త బొంగురుగా, కాస్త వెడల్పుగా. నాన్న వయోలా అద్దెకి తెచ్చుకున్నారు. వయోలా వాళ్ళు చదివే క్లెఫ్‌లో (ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తు) నడిమి గీత సి. యాభై ఏళ్ళకి పైగా ఆ గీతని బి అని చదివిన కళ్ళవి. వంటింట్లోకి వినబడేలా ఒక్కో స్వరం పేరు పైకి చెప్పుకుంటూ వాయిస్తున్నారు. తప్పు చదివితే ఆగి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ మొదటి బారు నుంచి ఎత్తుకుంటున్నారు.